ఆదివారం నెత్తళ్ళ పులుసు

కౌలాలంపూరు కాలేజీలో తెలుగు విద్యార్థుల సంఘం స్థాపించింది నేనేనని ఈమధ్య ఒక సభలో చెప్పి, నా మెడలో దండ వేశారు. అప్పుడే కాదనవలసింది. అలసటో, మొహమాటమో, నోరు రాలేదు. ఇప్పుడు చెబుతున్నాను. దాన్ని పెట్టింది మా బావ. వరసకు బావ, అంతే. ఇద్దరం మలయాలోనే, పేరాక్ వైపు ఒకే కొబ్బరితోటలో, కూలీల ఇళ్ళ వరసలో పుట్టినవాళ్ళం.

హాస్టల్లో తమిళులు, సిలోను నుంచి వచ్చిన జాఫ్నావాళ్ళు, చీనావాళ్ళు ఎక్కువ. మేము గుప్పెడుమందిమి. తోటలో పుట్టామని తెలిస్తే చిన్నచూపు చూస్తారని ఒకరినొకరు తప్పించుకు తిరిగేవాళ్ళం. ఒక ఆదివారం బావ వంటశాల వెనక మూడు రాళ్ళు పెట్టి, ఇంటినుంచి తెచ్చిన ఎండు నెత్తళ్ళతో పులుసు కాచాడు. ఎవరినీ పిలవలేదు. ఆ వాసనకి ఒక్కొక్కరే వచ్చి చేరారు. పైవారం కంచాలతో సహా వచ్చారు. పాఠం అర్థంకానివాడికి అక్కడే ఎవరో ఒకరు చెప్పేవారు. ఇంటిమీద బెంగపెట్టుకున్నవాణ్ణి అక్కడే ఆటపట్టించి నవ్వించేవారు. బావకి లెక్కలు రావు. ఆ ఆదివారాలే అతన్ని కాలేజీలో నిలబెట్టాయి. ఆ సంగతి నాకు తెలుసు.

హాస్టల్లో మిగతావాళ్ళు కిటికీలు మూసుకునేవారు. "ఐయో, కరువాడు లా!" అని అక్కడి తమిళ యాసలో ఎండుచేపల వాసనని ఎగతాళి చేసేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. చివరికి దొర ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్ళి, మాకు సంఘం ఉందని చెప్పి, ఆదివారాలు హాలు వాడుకోవడానికి అనుమతి తెచ్చాను. పొయ్యి తీసేస్తామని మాటిచ్చాను.

"ఏటి బావా, సంగవని సెప్పి కూడెత్తేసినావా?" అన్నాడు బావ.

"టీ ఇస్తారు. బిస్కట్లు కూడా."

"దొర బిస్కట్టు తింటే తెల్లబడిపోతావేటి?"

"మర్యాదగా ఉంటుంది బావా."

"సరే, కుర్సీలేయించు. ఎవుడొత్తాడో నానూ సూత్తాను."

మొదటివారం అందరూ వచ్చి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను ఇంగ్లీషులో ఉపన్యాసం ఇచ్చాను. తర్వాత నలుగురు, ఆ తర్వాత ఇద్దరు. బావ లెక్కల పుస్తకం ముందేసుకుని గదిలోనే ఉండిపోయేవాడు. చెప్పే మనిషి లేడు. నేను చెప్పగలిగేవాణ్ణే, కాని నేను హాలులో ఉండేవాణ్ణి. ఆ ఏడు పరీక్ష తప్పి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని స్టేషనుకు నడిచి వెళ్ళిపోయాడు.

దండ వేయించుకున్నాక ఉండబట్టలేక తోటకి వెళ్ళాను. బావ కొబ్బరి నిప్పుమీద ఎండబెట్టే కొట్టంలో పొగలో కూర్చుని ఉన్నాడు. తల పూర్తిగా నెరిసింది. సభలో జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. కొబ్బరిచిప్పలు తిరగేస్తూ అడిగాడు:

"ఇప్పుడు ఆదివారాలు ఎవుడొండుతున్నాడు?"

ఎవరూ వండటం లేదన్నాను.

"మరి తోటల్నించొచ్చిన కుర్రోళ్ళు ఏటి సేత్తన్నారు బావా?"

తెలియదన్నాను. నిజంగానే నాకు తెలియదు.