కండక్టరక్క కాళ్ళ మీద మచ్చలు

మొన్న పొద్దున వాకిలి ఊడుస్తుంటే పక్కింటి కండక్టరక్క కూతురు గోడ మీదుగా పిలిచింది. "అమ్మ పోయింది చిన్నమ్మా" అంది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఈ మాటలు రాస్తున్నప్పుడు కూడా అది తగ్గలేదు.

చిత్తూరులో పదహారేళ్ళుగా మావి పక్కపక్క ఇళ్ళు. ఆమె తిరుపతి బస్సులో కండక్టరు. ఆడవాళ్ళ సీట్లో మగవాడు కనిపిస్తే చాలు, "ఏమప్పా, ఆడ రాసిండేది కనపళ్ళేదా? లెయ్, ఆ కడుపుతో ఉండే పాపను కూర్చోనీ" అనేది. కాణిపాకం క్రాసులో ముసలివాళ్ళు దిగేదాకా విజిల్ ఊదేది కాదు. "దేవుడు యాడికీ పోడు, నిదానంగా దిగవ్వా" అనేది. డ్రైవరు విసుక్కున్నా లెక్కచేసేది కాదు.

పోయిన ఏడాది ఆమె కాళ్ళ మీద కందిగింజలంత ఎర్రమచ్చలు లేచాయి. వేలితో నొక్కినా రంగు పోయేది కాదు. నిలబడే ఉద్యోగం కదా, అందుకే అనుకున్నాం అందరం. నేనూ అదే అన్నాను. ఊళ్ళోనే ఒక ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరు చిన్న చర్మం ముక్క తీసి పరీక్షకు పంపాడు. రక్తనాళాల వాపు అని తేల్చి మాత్రలు రాశాడు.

"అది సరే సార్, ఎందుకొచ్చింది?" అని అడిగింది అక్క.

"కొందరికి వస్తుందమ్మా" అన్నాడు.

మళ్ళీ పోయినప్పుడు మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగేసరికి ఆయన పెన్ను బల్లమీద కొట్టి, "డాక్టరు నువ్వా, నేనా?" అన్నాడు. నేను ఆమె మోచెయ్యి పట్టి లాగి, "ఊరుకోక్కా" అన్నాను. ఆయన మీద ఎంత కోపమో, ఆ మాట అన్నందుకు నా మీద నాకు అంత కోపం.

మాత్రలు మింగినన్నాళ్ళు మచ్చలు తగ్గేవి, ముఖం ఉబ్బేది. "ఒళ్ళు చేసినావే!" అని వీధిలో మెచ్చుకున్నారు. మోతాదు తగ్గించగానే మళ్ళీ మచ్చలు. ఆయాసం, సాయంత్రమైతే జ్వరం. రక్తపరీక్ష కాగితాల్లో కణాలు తగ్గుతున్నాయని నల్లటి అక్షరాల్లో ఉండేది. ఆయన ఆ కాగితం తిప్పి చూసేవాడు కాదు. ఎనిమిది నెలలు ఇలాగే గడిచాయి.

చివరికి కూతురు పట్టుబట్టి తిరుపతికి తీసుకుపోయింది. నేనూ వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ పాత కాగితాలన్నీ బల్లమీద వరసగా పరిచి, ఒక్కొక్కటే చదివింది. తర్వాత తుంటి ఎముకలోంచి మూలుగ తీయించి పరీక్షకు పంపింది. రక్త క్యాన్సర్ అని తేలింది.

"ఈ రక్తనాళాల వాపు వచ్చినవాళ్ళందరికీ క్యాన్సర్ ఉండదమ్మా, చాలామందికి ఉండదు" అని ఆమె నెమ్మదిగా చెప్పింది. "కానీ కొందరిలో లోపల దాగిన క్యాన్సరే ఇట్లా మచ్చలుగా బయటపడతాది. మందు తగ్గిస్తే తిరగబెడుతున్నా, రక్తకణాలు పడిపోతున్నా, వెతకాల్సిందే."

"మూడుసార్లు అడిగినాను మేడమ్" అంది అక్క. నా వైపు చూడలేదు. చూసి తిట్టి ఉంటే బాగుండేది.

ముందే కనిపెట్టి ఉంటే నయమయ్యేదా అని, అక్క బయటికి పోయాక అడిగాను. చెప్పలేనంది డాక్టరమ్మ. ఆ నిజాయితీకి దండం పెట్టాను. మొన్న అక్క అంత్యక్రియలకు వచ్చినవాళ్ళు మాత్రం తలరాత అన్నారు. తలరాత కాదు. రాసింది ల్యాబు కాగితం మీద. చదవాల్సినవాడు చదవలేదు.

నిన్న అక్క పాత కాగితాలు కొన్ని కావాలని కూతురు అడిగితే, ఊళ్ళో ఆ ఆసుపత్రికే వెళ్ళాను. అదే వరండా, అదే బెంచీ. లుంగీ కట్టుకున్న ఒక పెద్దాయన తన పిక్కల మీది ఎర్రమచ్చల్ని వంగి చూసుకుంటున్నాడు. నేను పోయి ఆయన పక్కన కూర్చున్నాను.

"రక్తపరీక్ష చేసినారా అన్నా?" అన్నాను.

"చేసినారుమ్మా. బాగుండాదో లేదో చెప్పలేదు."

"కాగితం యాడుండాది? ఇట్లియ్యి."

ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, నా చేతిలో పెట్టాలా వద్దా అన్నట్టు కాసేపు పట్టుకున్నాడు. తర్వాత ఒక్కో మడతా విప్పసాగాడు.