వజ్రం తగలని రాయి

రాతిని వెంట్రుకలో సగం మందానికి అరగదీయడం ఆమె పని. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని, అదే గది. భూవిజ్ఞాన విభాగం కింద నేలమాళిగలో రెండు ఎత్తు కిటికీలు, ఒక సింకు, ఒక కోత యంత్రం, మూడు సాన పలకలు. పై అంతస్తుల వాళ్లు కొండల నుంచి రాళ్లు మోసుకొస్తారు. ఆమె వాటిని బిళ్లలుగా కోసి, గాజు మీద అతికించి, వెలుతురు దూరేంత పలచగా చేసి పంపుతుంది. అప్పుడుగాని సూక్ష్మదర్శిని కింద రాయి నోరు విప్పదు. విభాగంలో చిన్నా పెద్దా అందరూ ఆమెను రాళ్లక్క అంటారు. జీతం కాగితం మీద వేరే పేరుంది. ఆ పేరుతో పిలిస్తే ఆమె వెంటనే పలకకపోవచ్చు.

చేరిన కొత్తలో ఆమె పని రాళ్లు కడగడమే. ఒకరోజు అప్పటి మేస్త్రీ ఆమె చేతికి ఒక స్లైడు ఇచ్చి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టాడు.

"పలుగురాయి పసుపుపచ్చగా కనిపిస్తోందా? ఇంకా మందం ఉన్నట్టు. బూడిద రంగుకొచ్చిందా, చెయ్యి తీసెయ్. ఇంకొక్క రుద్దు రుద్దావంటే నీ రాయి సింకులో ఉంటుంది."

ఆయన మాటల్లో నేర్పింది అంతే. మిగతాది వేళ్లు నేర్చుకున్నాయి. నేర్చుకుంటూ నేర్చుకుంటూ వాటి గీతలు అరిగిపోయాయి. గేటు దగ్గరి హాజరు యంత్రం ఇప్పుడు ఆమె వేలిని గుర్తుపట్టదు. రోజూ కాపలాదారు పుస్తకం తెరిచి సంతకం పెట్టించుకుంటాడు. "అక్కా, ఇవాళ కూడా నువ్వు నువ్వు కాదట," అంటాడు.

ఆ సోమవారం ప్రొఫెసరమ్మ మెట్లు రెండేసి దిగుతూ వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఆరేళ్లుగా ఒకే కొండల వరసను పట్టుకుని వేలాడుతోంది.

"అక్కా! దొరికింది. మీరు చేసిన స్లైడులో వజ్రం దొరికింది!"

ఆమె వాదం విభాగంలో అందరికీ తెలిసిందే. ఒకప్పుడు రెండు ఖండాల మధ్య సముద్రం ఉండేది. సముద్రపు అడుగు చల్లబడి, బరువెక్కి, అవతలి ఖండం కిందికి దూరిపోతూ వచ్చింది. పోతూ పోతూ తనకు అంటుకుని ఉన్న ఇవతలి ఖండాన్ని కూడా లాగింది. సముద్రం మూసుకుపోయింది. రెండు నేలలూ ఢీకొన్నాయి. తేలికైన నేల మునిగి ఉండలేదు కాబట్టి ముడతలు పడింది, పొర మీద పొర ఎక్కింది, మందమెక్కింది. అదే ఆ కొండల వరస. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఖండం అంచు ఎంత లోతుకు వెళ్లి తిరిగి వచ్చిందన్నదే తగాదా. యాభై అరవై కిలోమీటర్లు దాటలేదని సగంమంది అంటారు. ఇంకా చాలా లోతుకు పోయిందని ఈమె అంటుంది. వజ్రమైతే నూట ఇరవై కిలోమీటర్లకు పైబడిన లోతులో తప్ప పుట్టదు. శుక్రవారం సదస్సులో ఆ మాట చెప్పబోతోంది.

రాళ్లక్క చేతులు తుడుచుకుంది.

"ఎక్కడుంది మేడమ్ ఆ వజ్రం? గార్నెట్ గింజ లోపలా, రాతి పగులులోనా?"

"పగులు అంచున."

"అయితే అది మీ కొండది కాదు. నా డబ్బాది."

ప్రొఫెసరమ్మకు అర్థం కాలేదు. రాళ్లక్క అలమారలోంచి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అద్దంలా మెరవాలని అడిగిన స్లైడులకు చివర్లో పట్టించే ముద్ద అది. అందులో ఉండేది వజ్రాల పొడి. కంటికి ఆనని రేణువు ఒకటి పగుల్లో ఇరుక్కుంటే ఎన్ని నీళ్లు పోసినా రాదు.

"ఇన్నాళ్లూ ఈ ముద్దతోనే చేస్తున్నారా? నాకెందుకు చెప్పలేదు?"

"ఏం వెతుకుతున్నారో మీరు చెప్పలేదు. దేంతో రుద్దుతున్నానో నేను చెప్పలేదు. చెరి సగం."

"విభాగం పెద్దాయనకు చెప్పేశాను అక్కా. సదస్సు వాళ్లకు రాసేశాను. ఇప్పుడు కాదంటే..."

"శుక్రవారం అయ్యాక ఇంకెవరో వచ్చి ఇదే ప్రశ్న అడిగితే? ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మరు. నా స్లైడులూ నమ్మరు." రాళ్లక్క డబ్బా మూత బిగించింది. "రాయి ఇంకేమన్నా మిగిలిందా?"

మిగిలింది అగ్గిపెట్టెలో సగమంత ముక్క. తక్కినదంతా పరీక్షల కోసం పొడి అయిపోయింది. ఆ కొండ దారి మొన్నటి వానలకు విరిగిపడింది. రెండేళ్లవరకు మళ్లీ ఎవరూ వెళ్లలేరు.

"ఇవ్వండి. గురువారం పొద్దున రండి," అంది రాళ్లక్క.

ఆ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర చిక్కుళ్ల ఈనెలు తీస్తూ ఆమె భర్తకు సంగతంతా చెప్పింది. ఆయన లిఫ్టు మెకానిక్. గోళ్లలో గ్రీజు ఎన్నడూ పోదు.

"నోరు మూసుకుంటే సరిపోయేది కదే. ఎవరికి తెలుస్తుంది?"

"నేను చేసిన స్లైడు అబద్ధం చెప్పిందండీ. ఇన్నేళ్లలో మొదటిసారి."

ఆయన ఒక కాయ విరిచి ఆలోచించాడు. "అది సరే. అంత లోతుకు లాక్కుపోయింది మళ్లీ పైకెలా వచ్చింది?"

"లాగుతున్న బరువు, ఆ సముద్రపు అడుగు, తెగి పడిపోయిందంటారు."

"ఓ, అంతేనా! ఖాళీ లిఫ్టుకు బ్రేకు పోతే జనం కింద పడుతుందనుకుంటారు. పడదు. పైకి దూసుకుపోతుంది. తాడుకు అవతల కట్టిన బరువుకన్నా తేలికది కదా. పట్టుకున్నది వదిలేస్తే దాని దారి పైకే." ఆయన నవ్వాడు. "ఈపాటిదానికి మీ ప్రొఫెసరమ్మకు ఆరేళ్లు పట్టిందా? నన్నడిగితే టీ తాగేలోపు చెప్పేవాణ్ణి."

"మీరు చెబుతారు. రుజువెవరు తెస్తారు? ఆ ఈనెలు సరిగ్గా తియ్యండి, పీచు గొంతుకు అడ్డం పడుతోంది."

మర్నాడు ఆమె కోత యంత్రాన్ని ముట్టుకోలేదు. దాని చక్రం అంచునా వజ్రపు నలుసులే. అటక మీంచి మేస్త్రీ నాటి విల్లు దించింది. ఇనప చట్రానికి బిగించిన సన్నని ఉక్కు తీగ. తీగ కింద నీళ్లలో కలిపిన కార్బోరండం అనే గరుకు పొడి పోస్తూ ముందుకీ వెనక్కీ లాగింది. మధ్యాహ్నానికి రాయిలో వేలి గోరంత లోతు దిగింది. సాయంత్రానికి ఒక బిళ్ల ఊడింది. ఒకటే బిళ్ల. తక్కినది తునకలైంది.

బుధవారమంతా కొత్త గాజుపలక మీద రుద్దింది. చివరి మెరుపుకు వజ్రం ముద్ద బదులు అల్యూమినా పొడి. నాలుగు తిప్పులకొకసారి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసుకుంది. పలుగురాయి ఎరుపులోంచి నారింజకు, నారింజలోంచి పసుపుపచ్చకు వచ్చింది. చేతులు అలవాటుగా బూడిద రంగు వైపు వెళ్లబోయాయి. ఆమె ఆపింది. గార్నెట్ల కడుపులో చిన్న చిన్న గింజలున్నాయి. బూడిద రంగుదాకా పోతే అవి రాలిపోతాయి. మేస్త్రీ ఉంటే తిట్టేవాడు. మందం తప్పిన స్లైడు అది. ఆమె దాన్ని అలాగే ఉంచి గుడ్డ కప్పింది.

గురువారం ప్రొఫెసరమ్మ చాలాసేపు కన్ను తియ్యకుండా చూసింది.

"వజ్రం లేదు," అంది.

"లేదు. పక్కన రెండో గార్నెట్ చూడండి. నడిమధ్యన."

అక్కడ ఒక గింజ ఉంది. దాని చుట్టూ దువ్వెన పళ్లలా పలుగురాయి. ఆ గింజ నుంచి గార్నెట్‌లోకి నలువైపులా పగుళ్లు. లోతులో నలిగి చిక్కగా మారిన పలుగురాయి అది. పైకి వస్తుంటే ఒత్తిడి తగ్గి ఒళ్లు విరుచుకుంది. ఉన్న చోటు చాలక గార్నెట్‌ను చీల్చింది.

ప్రొఫెసరమ్మ స్లైడు పట్టుకుని పై అంతస్తుకు, గింజ ఏ ఖనిజమో చెప్పే లేజరు యంత్రం దగ్గరకు పరిగెత్తింది. గంటకు తిరిగి వచ్చినప్పుడు మెట్లు నెమ్మదిగా దిగింది.

"ఆ గింజ కోయసైట్. తొంభై కిలోమీటర్ల లోతుకు తక్కువైతే పుట్టదు. గార్నెట్ లోపలే ఉంది, ఎవరూ బయటినుంచి పెట్టలేరు." సింకు అంచున కూర్చుంది. "నూట ఇరవై అన్నాను అక్కా. వజ్రమన్నాను. రేపు నవ్వుతారు."

"మొదటి మాటకు నవ్వుతారు. రెండో మాటకు స్లైడు చూపించండి."

ప్రొఫెసరమ్మ సింకు అంచు మీంచి లేచింది. "వజ్రం సంగతితోనే మొదలుపెడతాను. ఎలా పొరబడ్డామో, ఎవరు పట్టుకున్నారో," అంది. స్లైడు మీద అంకె వెయ్యడానికి అలవాటుగా గాజు గీసే కలం అందించింది.

రాళ్లక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. "దాని ముల్లూ వజ్రమే మేడమ్. దూరం పెట్టండి."

పెన్సిలు తీసుకుని చీటీ మీద అంకె వేసింది. దాని కింద, ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి, దేంతో కోసిందో, దేంతో సాన పట్టిందో, ఎక్కడ ఆపిందో కూడా రాసింది.