బంతిని దారిలో పెట్టిన చిన్నాయన

మొన్న శుక్రవారం పొద్దున బర్రెకు కుడితి పెడుతుంటే మా తమ్ముడు మా పుట్టింటి వాడ జహనుమా నుంచి వచ్చి, దొడ్డి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "అక్కా, చిన్నాయన పోయిండు" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఆయనకు చెప్పాల్సిన మాటొకటి చాన్నాళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. ఇక దాన్ని ఎవరికి చెప్పుకోవాలని మాత్రం అనిపించింది.

గోల్ఫ్ ఆట మీలో చాలామంది చూసి ఉండరు. చిన్న తెల్ల బంతిని పొడుగు కర్రతో కొట్టుకుంటూ పోయి, దూరాన ఉన్న గుంటలో వేయాలి. మా బాపు తమ్ముడైన చిన్నాయన, పడుచు వయసులో కంటోన్మెంటులో ఒక దొర దగ్గర ఆ ఆట నేర్చుకున్నాడు. తరవాత మా జహనుమా పక్కనే ఒక నవాబుగారి దేవిడిలో, అంటే పెద్ద బంగళాలో, ఆట నేర్పే ఉస్తాదుగా కుదిరాడు. చొక్కా ఎడమచెయ్యి మాత్రమే మోచేతి దాకా మడిచేవాడు. మణికట్టు ఎటు తిరుగుతున్నదో కనబడాలట. ఇంట్లో నడిచేటప్పుడు కూడా చేతికి ఏది దొరికితే దాన్ని ఊపుతుండేవాడు. "పోరడా, ఉట్టి మీద కుండ పగలగొడ్తవు" అని నాయనమ్మ తిట్టేది.

నవాబుగారి తమ్ముడు ఆయన శిష్యుడు. మనిషి మంచివాడే గానీ, కొట్టిన ప్రతి బంతీ సగం దూరం పోయాక కుడికి వంగిపోయేది. కర్రను బయటి నుంచి లోపలికి కోసినట్టు లాగడం, బంతికి తగిలే వేళకు కర్ర కొసనున్న పలక కుడికి తెరిచి ఉండడం వల్ల అట్లా అవుతుందని చిన్నాయన చెప్పేవాడు. దాన్ని బాగుచేయాలంటే పట్టు మార్చాలి, భుజం తొందర మాన్పించాలి. నెలలు పడుతుంది. ఆలోపే దేవిడికి పరాయి సంస్థానం నుంచి అతిథులు రానున్నారు. వాళ్ల ముందు పోటీ ఆట పెట్టారు. చిన్నాయన అప్పుడు దగ్గరి దారి పట్టాడు. "సాబ్, మీరు జర ఎడమకు తిరిగి నిలబడున్రి. బంతే వంగి మధ్యకొస్తది" అన్నాడు. నిజంగానే వచ్చింది. సాధన చూస్తున్నవాళ్లతో పాటు చిన్నాయన కూడా వహ్వా అన్నాడు.

దేవిడి మైదానానికి ఎడమ అంచున ఒక కాలిబాట ఉండేది. మా బర్రెలు మేతకు పోయేది దానిమీదే. అతిథులు రావడానికి ముందు ఒక సాయంత్రం నేను బర్రెలను తోలుకొస్తున్నాను. ఆ రోజు ఎందుకో నవాబుగారి తమ్ముడు కొట్టిన బంతి వంగలేదు. ఎటు తిరిగి నిలబడ్డాడో అటే తిన్నగా వచ్చి నా ఎడమకంటికి తగిలింది.

నాకు అప్పటికే చార్మినార్ దగ్గరి ఒక ముత్యాల షావుకారు కొట్టుకు దండలు గుచ్చే పని ఉండేది. కన్ను పోయాక సూది బెజ్జం ఒకచోట, నా దారం ఇంకోచోట. గిన్నెలో నీళ్లు పోయబోతే నేలమీద పడేవి. ముత్యాలన్నీ విసిరికొట్టి ఏడ్చిన రోజులున్నాయి. మా బాపు చిన్నాయనను గడప తొక్కనివ్వలేదు. "నీ నవాబు కొట్టిండంటే నా బిడ్డ కన్ను తిరిగొస్తదారా?" అని వాడకట్టంతా వినేలా అరిచాడు. చిన్నాయన రోజూ వచ్చి బయట అరుగుమీద కూర్చునేవాడు. ఎవరూ పలకరించకపోతే లేచిపోయేవాడు.

ఒకరోజు బాపు లేనప్పుడు నేనే తలుపు తీశాను.

"బిడ్డా, కొట్టింది ఆయన చెయ్యే గానీ అటు తిప్పి నిలబెట్టినోన్ని నేను" అన్నాడు. నా మొహం వైపు చూడలేదు.

"ఆ బాట మీద మేం నడుస్తమని నీకు ఎరుక లేదా?"

"ఎరుకే. గని బంతి ఎప్పుడూ వంగుతది గద అనుకున్న. అతిథుల ముంగట నా పేరు నిలవాలె అనుకున్న." అరుగుమీది మట్టిని గోటితో గీస్తూ అన్నాడు. "తప్పును ఇంకో తప్పుతోని సర్దితే, ఒకటి సక్కగైన దినం రెండోది మంది మీద పడ్తది."

నాకు ఒళ్లంతా మండింది. అయినా ఆయన గడ్డం మాసిపోయి, చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. మన్నించానని అనలేకపోయాను. "అన్నం తిన్నవా?" అని మాత్రం అడిగాను.

ఆ తరవాత ఆయన పాఠం పూర్తిగా మారిపోయింది. శిష్యుణ్ణి మళ్లీ గుంటకెదురుగా, తిన్నగా నిలబెట్టాడు. కుడిచంకలో రుమాలు పెట్టించి, కర్ర కిందికి దిగేదాకా అది జారిపడకూడదన్నాడు. పట్టు మార్పించాడు. పాత అలవాటు పోక, కొత్తది రాక ఆ శిష్యుడి బంతులు తుప్పల్లోకి పోయేవి. పెద్ద నవాబు పిలిచి కోప్పడ్డాడు. పోటీ అయ్యేదాకా పాత పద్ధతిలోనే ఆడించమన్నాడు.

"మాఫ్ కరో హుజూర్, మళ్ల గట్ల నిలబెట్ట" అన్నాడట చిన్నాయన. దాంతో కొలువు పోయింది.

కొలువు పోయిన వారానికే ఆ శిష్యుడు మా వాడకు వచ్చాడు. నన్ను చూసి తలవంచుకున్నాడు. "ఉస్తాద్, నాక్కూడ నిద్ర పడ్తలేదు. సీదా కొట్టుడు నేర్పించున్రి" అన్నాడు, వచ్చీరాని తెలుగులో. చిన్నాయన మా పక్కనే ఉన్న తన ఇంటి పెరట్లోనే నేర్పాడు. బర్రెల కోసం తెచ్చిన గడ్డిమోపులను గోడకు ఆనించి, వాటిమీదికి కొట్టించేవాడు. "బంతి ఎటు పోయిందని చూడకున్రి సాబ్. మీ చెయ్యి ఎటు పోయిందో చూడున్రి" అనేవాడు. నేను మా అరుగుమీద కూర్చుని, కంటితో కాక వేలికొసలతో దారం ఎక్కించడం అలవాటు చేసుకుంటూ ఆ మాట వినేదాన్ని. అది నాకు కూడా చెప్తున్నాడేమో అనిపించేది. వానకాలం పోయేసరికి నేను మళ్లీ దండలు గుచ్చగలిగాను. శిష్యుడి బంతి కూడా తిన్నగా పోవడం మొదలైంది. దేవిడి మళ్లీ పిలిచింది, చిన్నాయన వెళ్లాడు. కానీ ఎవరు ఎంత బాగా కొట్టినా ఆయన వహ్వా అనడం నేను మళ్లీ వినలేదు.

నా పెళ్లికి బాపు తానే పోయి తమ్ముణ్ణి పిలుచుకొచ్చాడు. అందరూ కలిసి తిన్నారు. నేను చెప్పాల్సిన మాట మాత్రం, పండక్కి చెప్దాం, పబ్బానికి చెప్దాం అనుకుంటూ దాటవేశాను. అది నోటిదాకా వచ్చిన ప్రతిసారీ కన్ను సలిపేది.

తరవాత నవాబుల రాజ్యం పోయి, పట్నంలో గడబిడ రోజులు వచ్చాయి. శిష్యుడు ఎటో వెళ్లిపోయాడు. జాగీర్లు పోయాయి, దేవిడికి తాళం పడింది. మైదానంలో మోకాలెత్తు గడ్డి మొలిచింది. చిన్నాయనకు మతి తప్పుతున్నదని తమ్ముడు కబురు చెప్తే, ఈ ఎండాకాలం చూడబోయాను.

ఆయన ఇంట్లో లేడు. ఆ కాలిబాట మీద, నడి ఎండలో, చొక్కా చెయ్యి ఒకటి మడిచి నిలబడి ఉన్నాడు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒక ఆడమనిషి వస్తున్నది. రెండు చేతులూ చాపి ఆమెను ఆపాడు.

"జర ఆగు తల్లీ. ఆడుతున్నరు."

ఆమె ఖాళీ మైదానం వైపు చూసింది, నా వైపు చూసింది. మోపు సర్దుకుని నిలబడింది. చిన్నాయన చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, ఆకాశంలో ఎటో పోతున్నదాన్ని కిందికి దిగేదాకా చూశాడు. ఎంతసేపు చూశాడో. తరవాత ఒక పక్కకు జరిగి, "ఇగ పో బిడ్డా" అన్నాడు.