ఉండాదా లేదా అని అడిగిన అత్త

నా ఉద్యోగంలో చివరి మజిలీ కడపలోని ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్. కరోనా సద్దుమణిగిన ఏడాది వేసవిలో అక్కడ రేడియాలజిస్టుగా చేరాను. స్కాన్ తీసి, చూసినది రిపోర్టుగా రాసి, పంపిన డాక్టరుకు అందించడం మా పని. మందు రాసేది వాళ్లు. చెడ్డ వార్త మాత్రం చాలాసార్లు మా నోటి నుంచే బయటపడుతుంది, తెర ముందు కూర్చునేది మేమే కాబట్టి.

చేరిన కొత్తలోనే మైదుకూరు అవతలి ఒక నేత ఊరి నుంచి పద్మావతి అనే అమ్మాయి వచ్చింది. వెంట ఆమె అత్త నారాయణమ్మ. చాలా ఏళ్లు పిల్లలు లేక పద్మావతి కర్నూలులో ఐవీఎఫ్ చేయించుకుంది. అంటే, బయట తయారుచేసిన పిండాన్ని గర్భసంచిలో పెట్టారు. రక్తపరీక్షలో గర్భం వచ్చిందని తేలింది. ఇక గుండె కొట్టుకుంటోందో లేదో చూడాలి. అంత దూరం మళ్లీ పోలేక, అక్కడి డాక్టరమ్మ చీటీతో మా దగ్గరికి వచ్చారు.

లోపలి స్కాన్ చేశాను. గర్భపు తిత్తి ఉంది, అందులో బియ్యపు గింజంత పిండం కూడా ఉంది. గుండె కదలిక కనిపించలేదు. మామూలు గర్భమైతే నెల తప్పిన లెక్కలో పొరపాటు ఉందేమో అనుకోవచ్చు. ఐవీఎఫ్‌లో పిండం పెట్టిన రోజు కచ్చితంగా తెలుసు కనుక ఆ ఆశ తక్కువ. అయినా పిండం అంత చిన్నదైనప్పుడు ఒక్క స్కాన్‌తో పోయిందని రాయకూడదు. కనీసం వారం ఆగి మళ్లీ చూడాలి. తొందరపడి కడుపు పోయే మాత్రలిస్తే, బతికున్న దాన్ని మన చేతులతో పోగొట్టినట్టవుతుంది.

ఇప్పుడే చెప్పలేనన్నాను. నారాయణమ్మ గోడ మీది బోర్డు వైపు చూసింది. లింగ నిర్ధారణ నేరమని ప్రతి సెంటర్లోనూ పెట్టే బోర్డు అది.

“ఆడా మొగా అని మేం అడగల్యా తల్లీ. ఉండాదా లేదా, అంతే అడుగుతాండాం. అది గూడా చెప్పకూడదా?”

నవ్వొచ్చింది కానీ, ఆ పిల్ల ముఖం చూసి ఆపుకున్నాను. దాచడం కాదు, నిజంగానే తెలియదని చెప్పాను. ఆవిడ ఊరుకుంటేనా! “కర్నూలు నుంచి వచ్చి నాలుగు దినాలు గాలే, గుంటమగ్గంలో దిగి తొక్కింది. చెప్తే ఇనల్యా. దానికే ఇట్లయింది” అని కోడలి ఎదుటే అనేసింది. పద్మావతి తల దించుకుంది. నాకు ఒళ్లు మండింది. మగ్గం తొక్కితే గర్భం పోదని, మంచం పట్టాల్సిన పనీ లేదని గట్టిగానే చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కర్నూలు డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, మందులు ఆపకుండా వారం ఆగుదామని ఆమె కూడా అంది. ఈ వారం కోడల్ని మంచం దిగనిస్తే ఒట్టు అంటూ నారాయణమ్మ ఆమెను తీసుకుపోయింది.

వారం తర్వాత మళ్లీ చూశాను. పిండం పెరగలేదు, గుండె కదలిక లేదు. ఇక అనుమానానికి తావు లేదు. గర్భం నిలవలేదని మెల్లగా, కానీ డొంకతిరుగుడు లేకుండా చెప్పాను. పద్మావతి గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఎన్నేళ్లు చేసినా ఆ మాట చెప్పడం నాకు అలవాటు కాలేదు, ఆ రోజూ బాధేసింది. కాసేపటికి ఆమె అడిగింది ఒక్కటే, “నేను మగ్గం తొక్కినందుకేనా మేడమ్?”

నేను నోరు తెరిచేలోగా నారాయణమ్మ అందుకుంది.

“కాదులే పాపా. ఈ వారమంతా నిన్ను కాలు కింద పెట్టనీల్యా. నీళ్లు గూడా నేనే అందిస్తి. అయినా పెరగల్యా గదా. ఇంగ నీ తప్పేముండాది?”

వైద్యం లెక్కన ఆ తర్కం నిలవదు. మొదటి స్కాన్ నాటికే పిండం ఎదుగుదల ఆగిపోయి ఉండొచ్చు. అయినా నేను దిద్దలేదు.

వారం గడువు మా రిపోర్టు కోసమేనని అప్పటిదాకా అనుకునేదాన్ని. మొదటి రోజే పోయిందని రాసి ఉంటే, ఆ అమ్మాయి మగ్గం నిందను బతికినంతకాలం మోసేది. తెలియదు, ఆగి చూద్దాం అన్న మాట పేషెంటు ఒక్కరికే చెబితే చాలదు. ఇంట్లో నింద వేసే మనిషిని కూడా పక్కన కూర్చోబెట్టి చెప్పాలి. రిటైరయ్యేదాకా నేను అలాగే చేశాను.