ఇంకా రాని డాక్టరుగారి కుర్చీ

పెద్ద డాక్టరుగారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఇంకా రాని మెదడు డాక్టరు ఎప్పుడో వచ్చేసినట్టు ఆయనతో కబుర్లాడేవాడు.

ఆ చిన్న ఊరి ఆసుపత్రిలో వరండా చివరి గది ఆ రాని డాక్టరుదే. లోపల బల్ల, కుర్చీ, కొక్కేనికి ఇస్త్రీ చేసిన తెల్లకోటు. రోజూ సాయంత్రం పెద్దాయన రెండు కప్పుల కాఫీతో వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. కాసేపటికి మాటలు వినిపించేవి. ఏదో అడగడం, ఆగడం, "ఊఁ... అంతేనంటారా?" అనడం. ఆ ఆగడం దగ్గరే నర్సమ్మకు ఒళ్లు జలదరించేది. బయటికొచ్చేసరికి రెండు కప్పులూ ఖాళీ.

"రెండో కాఫీ ఎవరు తాగారండీ?"

"ఎవరిది వాళ్లే తాగామమ్మా. ఆయనకి చక్కెర ఎక్కువైందట."

ఆ ఉద్యోగం చూడటానికి వచ్చిన డాక్టర్లకు మాత్రం నవ్వు రాలేదు. ఒకాయన ఆ కుర్చీలో కూర్చోబోతే, "అయ్యయ్యో, ఆయన ఒళ్లో కూర్చుంటారేమిటి!" అన్నాడు పెద్దాయన. వచ్చినాయన మళ్లీ కనిపిస్తే ఒట్టు. ఇంకొకాయన గాలి లేకుండానే కోటు ఊగడం చూసి, పెట్టె కూడా మరిచిపోయి పరుగు తీశాడు.

ఊళ్లో ఎవరి తలకు దెబ్బ తగిలినా పట్నం దాకా మోసుకుపోవాల్సిందే. నర్సమ్మ భర్త, ఆసుపత్రి జీపు డ్రైవరు, తలకు దెబ్బ తగిలి ఆ దారిలోనే ప్రాణం విడిచాడు. వేరే బండి దొరికేదాకా అతన్ని పడుకోబెట్టింది ఆ చివరి గదిలోనే.

అందుకే ఈసారి ఒక డాక్టరమ్మాయి వస్తోందని తెలిసి నర్సమ్మ బతిమాలింది.

"ఈ ఒక్కరోజూ ఆయనకి సెలవివ్వండి. మీకు పుణ్యముంటుంది."

"అడిగి చూస్తానమ్మా."

ఆ అమ్మాయి వచ్చేసరికి పొద్దు వాలింది. వరండా దీపం కొట్టుకుంటోంది. చివరి గదిలోంచి సన్నగా మాటలు.

"లోపల పెద్ద డాక్టరుగారితో ఎవరున్నారక్కా?"

"ఎవరూ లేరమ్మా," అని నర్సమ్మ ఉన్నమాటే చెప్పింది. నిజం అంత భయంకరంగా వినిపిస్తుందని ఆమె అనుకోలేదు.

ఆ అమ్మాయి చప్పుడు కాకుండా తలుపు తోసింది. పెద్దాయన ముక్కాలిపీట మీద, వాళ్లకు వీపు పెట్టి కుర్చీతో చెబుతున్నాడు. "మేస్త్రి నిచ్చెన మీదనుంచి పడ్డాడు. మాట బాగానే ఉంది, తలనొప్పే తగ్గలేదు. రేపటిదాకా చూడమంటారా?"

"రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే చూద్దాం."

ఇన్నేళ్లూ కుర్చీతో మాట్లాడిన మనిషి, కుర్చీ జవాబిచ్చిందనుకుని కెవ్వుమన్నాడు. కాఫీ అంతా తెల్లకోటు పాలయింది.

ఆ అమ్మాయి మేస్త్రిని పరీక్షించి, ప్రాణభయం లేదని తేల్చుకుని వచ్చి అడిగింది.

"ఎందుకండీ ఈ నాటకం?"

పెద్దాయన గొంతు తగ్గించాడు. "డ్రైవరు పోయాక నర్సమ్మ ఈ గది దాటాలంటే గోడ పట్టుకుని ఏడ్చేది. ఖాళీగా ఉంచితే ఇది వాడి గదే. లోపలొక డాక్టరున్నాడంటే, నన్ను తిట్టుకుంటూనైనా దాటుతుంది కదా! ఆ రెండో కాఫీతో నాకే నిద్ర కరువైంది."

తలుపు అవతల నర్సమ్మ అంతా విన్నది. ఈ గది ముందు తను ఏడ్చి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. తిట్టడానికే తీరిక లేకపోయింది మరి.

"నేనిక్కడే ఉంటానండీ," అంటూ ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుంది. కూర్చున్నదల్లా చటుక్కున లేచింది. "ఇదేమిటి, వెచ్చగా ఉంది?"

పెద్దాయన తెల్లబోయాడు. అంతలోనే తేరుకున్నాడు.

"ఇప్పుడే లేచారమ్మా. నీకు చోటిద్దామని."

నర్సమ్మ లోపలికొచ్చి, ఆ గదిలో మొదటిసారి పకపకా నవ్వింది. కాఫీ తెస్తానని వెళ్లి, ఎందుకైనా మంచిదని నాలుగు కప్పులు తెచ్చింది.