చెంబులో నాయన గొంతు

ఎనిమిదో తరగతి నన్ను రెండేళ్ళు పట్టుకుని కూర్చుంది. మూడో ఏడు నేనే దానికి విడుదల ఇచ్చాను. లెక్కల అయ్యవారు ఇంటికొచ్చి, "వీడి తలకాయలోకి ఏది ఎక్కించినా నిలవదు పెద్దాయనా, అడుగున చిల్లి ఉన్నట్టుంది" అని నాయనతో చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. ఆయన మాట సగమే నిజం. నా తలలో ఏదీ నిలవలేదు గానీ, ఆ తర్వాత పదేళ్ళకు పైగా ఊరందరి ఫోన్లలోకి పాటలు ఎక్కించి అన్నం తిన్నాను. ఎక్కించినవన్నీ నిలిచాయి. ఎక్కించకుండా వదిలేసింది ఒక్కటే. అది మా ఇంటిది.

నా దుకాణం ఉదయగిరిలో బస్సులు ఆగేచోట, చెప్పుల కొట్టు పక్కన. ఒక బల్ల, ఒక పాత కంప్యూటరు, పైన గొడుగంత రేకు. పని నేర్చుకున్నది ఆత్మకూరులో, ఫోన్లు బాగుచేసే ఒక సాయిబు దగ్గర. అందరూ ఆయన్ని భాయ్ అనేవాళ్ళు, నేనూ అంతే. పాటలు పాడే ఫోన్లు, బొమ్మలు ఆడే ఫోన్లు మా వైపుకు నింపాదిగా వచ్చాయి. నెల్లూరులో దిగి, ఆత్మకూరులో రెండేళ్ళు కాళ్ళు చాపుకుని, ఆ తర్వాత గానీ ఉదయగిరి బస్సెక్కలేదు. వచ్చినవి కూడా ఒక్కటంటే ఒక్కటి ఒకే రకం కాదు. ఒక ఫోన్ తిన్న వీడియోను ఇంకొకటి కక్కేసేది. దేనికి ఏది అరుగుతుందో చూసి, చిన్నది చేసి, మెత్తగా చేసి పెట్టేవాడిని. ఫోన్లకు ఆయా ఉద్యోగం అనుకోండి.

పాట ఇదీ అని అడిగేవాళ్ళు తక్కువ. మెమరీ కార్డు బల్లమీద పెట్టి, "శనక్కాయలు ఒలిచేటప్పుడు వినేదానికి వెయ్యి" అనేవాళ్ళు. "మా అత్త ముందర వినదగినవి వెయ్యి" అని ఒకామె అడిగితే, "మీ అత్తను చూపించమ్మా, కొలత తీసుకుంటాను" అన్నాను. చెప్పు తీసింది. పక్కన చెప్పుల కొట్టే కదా, కొత్తవి కొనడానికి అనుకున్నాను.

ఆ ఫోన్లలో నెట్టు కూడా ఉండేది. దానికో మీట ఉండేది. తెలియక అది నొక్కితే ఫోన్లో వేసుకున్న డబ్బులు కరిగిపోయేవి. అందుకని ఆడవాళ్ళు ఆ మీటమీద బొట్టుబిళ్ళ అతికించేవాళ్ళు, వేలు పోకుండా. నెట్టును నొసటిబొట్టుతో ఆపిన ఊరు మాది. నేనూ వాళ్ళకు వంత పాడేవాడిని. "దుర్గం కొండ అడ్డం ఉండాది, నెట్టు దాటుకొని రాలేదు" అని బల్లమీద చేయి వేసి చెప్పేవాడిని. నా బతుకు దాని ఆలస్యం మీదే ఆధారపడి ఉంది మరి.

మా ఇల్లు ఊరి చివర, వరికుంటపాడు దారిలో. నాయనకు ఒకే ఒక బర్రె. పగలంతా బీడులో మేసేది. పొద్దువాలే వేళకు నాయన గట్టుమీద నిలబడి, చెంపకు చేయి ఆనించి పిలిచేవాడు. ముందు గొంతులోపల దగ్గులాంటిది ఒకటి, తర్వాత కిందినుంచి పైకి లాగిన "హోయ్‌దా", చివర నాలుకతో రెండు టక్కులు. ఎంత దూరాన ఉన్నా బర్రె తల ఎత్తి బయల్దేరేది. నేను పిలిస్తే తోక కూడా ఊపేది కాదు. ఇంట్లో నా పరపతి అంతవరకే.

ఒకరోజు గడ్డివామి వెనక నక్కి, ఆ పిలుపును నా ఫోన్లో రికార్డు చేశాను. రింగుటోనుగా పెట్టుకున్నాను. మర్నాడు దుకాణంలో ఫోన్ మోగితే చెప్పుల కొట్టాయన లేచి, కర్ర తీసుకుని బర్రె కోసం వెతికాడు. ఇంటి దగ్గర మోగితే కట్టేసిన బర్రె తాడు తెంచుకుని నామీదికి వచ్చింది. నాయన మొహం చూడాలి.

"ఏందిరా ఇది? నేనింకా నోరు తెరవకముందే నేను పిలుస్తుండాను?"

"నువ్వు పొలంలో ఉన్నా ఇంట్లో పిలవొచ్చు నాయనా. రెండు చోట్లా నువ్వే."

"ఒక చోట ఉండేదానికే అన్నం చాలటం లేదు."

మొదట్లో ఫోన్ని పొయ్యిమీది పెనంలా పట్టుకునేవాడు, కొనవేళ్ళతో. తర్వాత తర్వాత తనే అడగసాగాడు. బువ్వ తిని చేయి కడుక్కుని వచ్చి, "ఏదీ, నన్నొకసారి అరిపించు" అనేవాడు. తల వంచుకుని, పరాయి మనిషి గొంతులా వినేవాడు. ఒకసారి, "చివర్లో చీలిందిరా గొంతు. బాగలేదు. రేపు మళ్ళా పట్టు" అన్నాడు. రేపే అన్నాను. ఆ రేపు నేను ఆత్మకూరులో ఉన్నాను. ఆ తర్వాతి రేపు ఎవరిదో పెళ్ళికి నలభై మెమరీ కార్డులు నింపే పని.

ఆ చలికాలంలోనే నాయన మూడురోజుల జ్వరంతో పోయాడు.

పాలు పితికేది నాయనే. ఆయన పోయాక అమ్మ తప్పేలా పట్టుకుని కూర్చుంటే బర్రె చేపలేదు. పొదుగు నిండుగా ఉంది, పాలు దిగవు. మేత వేసింది, నీళ్ళు చల్లింది, ఒళ్ళు నిమిరింది. అది వాకిలి వైపే చూస్తోంది. నేను పక్కన నిలబడి ఉన్నాను. అప్పుడు నా జేబులో ఫోన్ మోగింది. ఎవరో పరామర్శకు చేశారు. జేబులోంచి దగ్గు, "హోయ్‌దా", రెండు టక్కులు. అమ్మ చేతిలో తప్పేలా జారబోయి ఆగింది. బర్రె చెవులు నిక్కించింది. నేను ఫోన్ ఎత్తి, అవతలి మనిషితో ఊఁ కొడుతూనే ఉన్నాను, ఇవతల పాలు సర్రుమని దిగుతున్న చప్పుడు. అవతలి మనిషి ఓదార్చి పెట్టేశాడు. అమ్మ తల తిప్పకుండానే అంది:

"ఆయనెవరో పుణ్యాత్ముడు. ఇంకోసారి చెయ్యమను."

ఆ ఫోన్ని అమ్మకే ఇచ్చేశాను. మా అమ్మ అప్పటిదాకా దీపం మీట తప్ప ఇంకో మీట నొక్కి ఎరగదు. నడిమి మీట నొక్కితే నాయన గొంతు వచ్చేటట్టు పెట్టాను. మీట గుర్తుండాలి కదా. గూట్లో అమ్మ పెట్టుకోవడం మానేసిన బొట్టుబిళ్ళల అట్ట ఉంది. అందులోంచి ఒక ఎర్రది తీసి మీటమీద అతికించాను. ఊరంతా నొక్కకూడని మీటమీద బిళ్ళ పెట్టుకుంటే మా ఇంట్లో నొక్కాల్సిన మీటమీద పెట్టుకున్నాం.

చెంబు ఆలోచన మాత్రం అమ్మదే. ఫోన్ని ఖాళీ ఇత్తడి చెంబులో పెడితే గొంతు పెద్దదై, గట్టుమీది నుంచి పిలిచినట్టే వినపడేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పాలకోసమని చెప్పుకునేది. బర్రె ఒట్టిపోయిన నెలల్లో కూడా చెంబు మోగుతూనే ఉండేది. అన్నిట్లోనూ నోరు పెట్టేవాడిని, అక్కడ మాత్రం పెట్టలేదు.

ఈలోగా నా జోస్యం తలకిందులైంది. నెట్టు దుర్గం కొండ ఎక్కనూ లేదు, దిగనూ లేదు. ఒక ఏడాది చూసేసరికి మన మధ్యనే కూర్చుని ఉంది, అంతే. అందరి చేతుల్లోకీ పెద్ద అద్దాల ఫోన్లు వచ్చాయి. కావలసిన పాట నోటితో చెబితే పాడుతున్నాయి. కార్డు పట్టుకుని వచ్చేవాళ్ళు పల్చబడ్డారు. నేను ఫోన్లకు తొడిగే అట్టలు, అద్దంమీద అతికించే కాగితాలు అమ్మడంలో పడ్డాను. ఆగిపోయిన ఫోన్లు ఎవరైనా తెస్తే సాఫ్ట్‌వేర్ కొట్టేవాడిని. అంటే లోపల ఉన్నదంతా తుడిచి, కంపెనీలో పుట్టినప్పటిలా చేయడం. పాత గిరాకీలో మిగిలింది అదొక్కటే.

అమ్మ ఫోన్ కూడా ముసలిదైంది. బ్యాటరీ ఉబ్బింది, అంకెలు అరిగిపోయాయి. ఎర్రబిళ్ళ నాలుగైదు సార్లు మార్చాం. "ఇది పోయేలోగా ఆయన్ని నీ కొత్త ఫోన్లోకి మార్చరా" అని అమ్మ చెబుతూనే ఉంది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల పనిమీద ఇన్నేళ్ళు బతికినవాడిని. కానీ మార్చాలంటే సరిగా వచ్చిందో లేదో చెవులకు పెట్టుకుని వినాలి. చివర్లో గొంతు చీలుతుంది. రేపు మళ్ళా పట్టమన్నాడు. ఆ ముక్క ఒంటరిగా వినాల్సి వస్తుందని వాయిదా వేస్తూ పోయాను. "చేస్తాలేమ్మా, ఆయన యాడికి పోతాడు" అని నవ్వించేవాడిని. నవ్వేది కూడా.

ఒకరోజు పొద్దున్నే అమ్మ దుకాణానికి వచ్చింది. ఎప్పుడూ రాదు. చెంగులోంచి ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. తెరమీద కంపెనీ బొమ్మ వచ్చి అక్కడే ఆగిపోయి ఉంది. "పలకటం లేదురా. చూడు" అంది. అప్పటికే బల్లమీద రెండు ఫోన్లు అలాగే ఆగిపోయినవి ఉన్నాయి. అనంతసాగరం నుంచి వచ్చినాయన ఆటో పోతుందని తొందర పెడుతున్నాడు. "కూర్చోమ్మా, ఐదు నిమిషాలు" అన్నాను. ఆయనది తగిలించాను, అయింది. రెండోది తగిలించాను, అయింది. మూడోది తగిలించాను.

అది అమ్మ ఫోనని నాకు తెలుసు. తెలియదని చెప్పుకుంటే సుఖంగా ఉండేది. చేతులు మాత్రం ఆ విషయం అడగలేదు. వాటికి అది ఆగిపోయిన ఫోన్, అంతే. తెరమీద గీత చివరిదాకా నిండింది. కంపెనీ పాట మోగింది, చిన్నపిల్లల గిలక చప్పుడులా. ఆ పాట విన్నప్పుడు తెలిసింది, ఏం చేశానో.

ఎర్రబిళ్ళమీద నొక్కాను. ఏమీ లేవు అని చూపించింది.

"ఏమంటుండాది?" అంది అమ్మ.

"ఏమీ లేవంటుండాదమ్మా."

"నీ పెట్టెలో ఉంటాదిగదా. ఊళ్ళో అందరివీ దాంట్లోనే ఉండాయంటివే."

నా కంప్యూటరు పెట్టెలో ఊరందరి పాటలు ఉన్నాయి. "ఉంటాదిలే, వెతుకుతాను" అన్నాను. అప్పటిదాకా తన ఫోన్ నొక్కి సరిచూసుకుంటున్న అనంతసాగరం ఆయన, బాగా చేశావు అని మెచ్చుకుని ఆటో ఎక్కాడు.

ఆ మధ్యాహ్నమే ఆత్మకూరు పోయాను. భాయ్ గడ్డం నెరిసింది, కళ్ళజోడు మందమైంది. తన దగ్గరున్న పరికరాలన్నీ ఒకటొకటిగా తగిలించి చూశాడు. నేను ఎదురుగా స్టూలుమీద, పని నేర్చుకున్న రోజుల్లో కూర్చున్నట్టే.

"ఏమబ్బయా, దీనికి సాఫ్ట్‌వేర్ ఎవురు కొట్టినారు?"

"నేనే భాయ్."

"శుభ్రంగా కొట్టినావు. నేను నేర్పినట్టే. ముక్క మిగల్లేదు." కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కార్డులో పడుంటే గీకైనా తీసేవాడిని" అన్నాడు.

"కార్డు ఖాళీ భాయ్. దాంట్లో నేనేం వెయ్యలేదు."

"ఊరందరికీ కార్డులు నింపినావు, మీ ఇంట్లో కార్డు ఖాళీనా?" నవ్వబోయి నా మొహం చూసి ఆపేశాడు. "ఎవురిది గొంతు?"

"నాయనది."

ఫోన్ మూసి, మరలు ఒక్కొక్కటిగా బిగించి, తెర తుడిచాడు. ఎర్రబిళ్ళ అంచు లేచి ఉంది. బొటనవేలితో కాసేపు నొక్కిపట్టి, అతుక్కున్నాక నా చేతికిచ్చాడు. తిరుగు బస్సులో సీటుకొక ఫోన్ మోగుతోంది, ఎవరి పాట వాళ్ళది, ఎవరి నవ్వులు వాళ్ళవి. ఎంత ఆలస్యంగా వస్తేనేం, అన్నీ వచ్చేశాయి.

ఇంటికి వచ్చి అమ్మకు నిజం చెప్పాను. తిడితే బాగుండేది. చెంబు తీసుకుపోయి తోమి, నీళ్ళు పోసి పెట్టింది. బర్రె ఇక చేపలేదు. ఇంజెక్షన్లతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చి, చివరికి కలువాయి నుంచి వచ్చినాయనకు అమ్మేశాం. బండి ఎక్కించేటప్పుడు అది వాకిలి వైపు చూసింది. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాకొక పిచ్చి పట్టింది. నాయన పిలుపును నేనే పలికి, కొత్త ఫోన్లో రికార్డు చేయడం. గట్టుమీద, వామి దగ్గర, బాత్రూములో. యాభై ముక్కలు ఉన్నాయి ఇప్పుడు. దగ్గు వస్తుంది, లాగుడు వస్తుంది, టక్కులు ఆయనకంటే బాగా వస్తాయి. చివర్లో ఆ చీలిక మాత్రం రాదు. మొన్న సాయంత్రం ఖాళీ కొట్టంలో నిలబడి, చెంబులో నీళ్ళు పారబోసి ఫోన్ పెట్టి, అన్నిట్లోకీ మంచిదనుకున్న ముక్క ఒకటి పెట్టాను. అమ్మ వచ్చి గుంజకు ఆనుకుని చివరిదాకా విన్నది.

"ఎట్టుండాదమ్మా?" అన్నాను. "నాయన మాదిరే లేదూ?"

"మీ నాయన బర్రెను పిలిచేవాడు, అది వచ్చేది" అంది అమ్మ, చెంబులోంచి ఫోన్ తీసి నా చేతిలో పెడుతూ. "నువ్వు మీ నాయనను పిలుస్తుండావు. యాడ నుంచి వస్తాడురా?"