సుగ్గి కాలంలో గ్రామసభ

ఆలూరు దగ్గర పల్లెలో నేను పనిచేసిన బడికి అయిదు తరగతులు, ఒక్క టీచరు. ఆ ఒక్కదాన్నీ నేనే. రెండో టీచరు బదిలీ అయ్యాక మళ్లీ ఎవరూ రాలేదు. ఒక తరగతికి ఎక్కాలు చెబుతుంటే తక్కిన నాలుగూ కొట్టుకునేవి. చదువు సాగని పిల్లల్ని అమ్మానాన్నలు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతలకు, వెంట తీసుకుపోతున్నారు. ఇట్లా అయితే బడి మూతపడుతుందని నాకు భయం పట్టుకుంది.

ఊళ్లో డిగ్రీ చదివిన కోడలొకామె పాఠాలు చెబుతానంది. ఆమె జీతం కోసం ఇంటి పన్ను కొంచెం పెంచమని సర్పంచి వెంటపడి గ్రామసభ పెట్టించాను.

ముందు వరసలో పెద్దరైతులు. వాళ్ల పిల్లలు బస్సెక్కి ప్రైవేటు బడికి పోతారు. వద్దనే చేతులు టపటపా లేచాయి. కావాలనేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఊళ్లో ఇంటికొక చెయ్యి, అదీ మగవాడిది. సగం ఇళ్ల మగవాళ్లు సుగ్గిలో ఉన్నారు. వెనక గోడవారన అవ్వలు చేతులు కొంగులో పెట్టుకుని కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. నోరు తెరిస్తే ఊరుగాని ఊరిదానివంటారని పళ్లు బిగబట్టాను.

సర్పంచి లేవబోతుంటే ఒక అవ్వ చెయ్యెత్తింది.

"నీ కొడుకు రానీ అవ్వా, అప్పుడు చూద్దాం" అన్నాడొక పెద్దరైతు.

"వాడొచ్చేదాకా పన్ను అడక్కుండా ఉండారా అప్పా? కట్టేది నేను, చెయ్యి మాత్రం వానిదా?"

పక్కనున్న అవ్వ కూడా చెయ్యెత్తింది. ఆ తర్వాత గోడవారన ఉన్నవాళ్లందరూ ఎత్తారు. సర్పంచి ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని, పన్ను వేస్తున్నామని చెప్పాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మొదట చెయ్యెత్తిన అవ్వ నేరుగా నా దగ్గరికొచ్చి ఫోను చేతిలో పెట్టింది. ఆమె మనవరాలు మా నాలుగో తరగతి. పోయిన వారమే బడి మానేసి సుగ్గికి పోయింది.

"నా కొడుక్కు నువ్వే చెప్పు మేడమ్."

పాపను బడికి పంపమని చెప్పాను. "పాప కూడా కోస్తాండాది మేడమ్. పంపిస్తే ఆ కూలి పాయె" అన్నాడతను. అతను చెప్పింది అబద్ధం కాదు.

అవ్వ ఫోను లాక్కుంది. "పన్ను కడతానని ఊరి ముందర చెయ్యెత్తినా. ఊరోళ్ల పిల్లోళ్ల సదువుకు నేను కట్టల్ల, నా మనవరాలు ఆడ మిరక్కాయలు కొయ్యల్లనా రా?"

అవ్వ ఫోను చెవికి అదుముకుని నిలబడింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

"పాపను యా బస్సుకు ఎక్కిస్తావు, అది చెప్పు" అంది చివరికి.